ఇటలీ రూపశిల్పులు ఇచ్చిన మాట

మిలాన్ నగరంలో రెండవ ప్రపంచయుద్ధానికి ముందు నలుగురు యువ వాస్తుశిల్పులు ఉమ్మడిగా ఒక కార్యాలయం నడుపుతూ ఉండేవారు. బాన్ఫీ, బెల్జోయోజో, పెరెస్సుత్తి, రోజర్స్ అని వారి పేర్లు. ఆ పేర్ల మొదటి అక్షరాలు కలిపి తమ సంస్థను 'బి.బి.పి.ఆర్.' అని పిలుచుకున్నారు. 1945 ఏప్రిల్‌లో, నాజీల ఓటమికి కొద్ది వారాల వ్యవధి ఉన్నదనగా, ఆస్ట్రియాలోని గూసెన్ నిర్బంధ శిబిరంలో బాన్ఫీ మరణించాడు. అదే శిబిరంలో మగ్గిన బెల్జోయోజో ప్రాణాలతో బయటపడ్డాడు. యూదుడైన రోజర్స్ స్విట్జర్లాండులో తలదాచుకొని, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చాడు. మిగిలినవారు ముగ్గురే అయినా సంస్థ పేరులోని నాలుగు అక్షరాలూ చెక్కుచెదరలేదు. పోయిన మిత్రుని అక్షరం తీసివేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. శిబిరాలలో అసువులు బాసినవారి స్మృత్యర్థం మిలాన్ శ్మశానవాటికలో ఆ ముగ్గురూ ఒక చిహ్నాన్ని నిర్మించారు. సన్నని లోహపు కడ్డీలతో కూర్చిన ఘనాకారం, దాని నడుమ శిబిరపు మట్టి, చుట్టూ ముళ్లతీగ. విగ్రహం లేదు, రెక్కలు చాచిన దేవదూత లేదు. ఇటలీ వంటి దేశంలో, అందునా శ్మశానంలో, దేవదూత లేకుండా స్మారకం కట్టడం సామాన్యమైన విషయం కాదు.

ఆ ముగ్గురిలో ఒకడైన ఎర్నెస్తో రోజర్స్ 1946 జనవరిలో 'డోముస్' పత్రిక సంపాదకత్వం చేపట్టాడు. లాటిన్ భాషలో ఆ మాటకు ఇల్లు అని అర్థం. 1928లో జియో పోంటి అనే వాస్తుశిల్పి స్థాపించిన ఆ పత్రిక గృహాలంకరణకు పేరుపడ్డది. రోజర్స్ దానికి 'మానవుని ఇల్లు' అనే ఉపశీర్షిక తగిలించాడు. దేశంలో ఇండ్లు లేని సమయంలో ఇంటిని గూర్చి పత్రిక నడపడం ఎందుకన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం ఒకటే: కప్పూ గోడలూ ఉన్నంత మాత్రాన అది ఇల్లు కాదు, శరీరానికీ మనసుకూ కూడా చోటు ఉన్నప్పుడే అది ఇల్లు. ఆ ఇంటిలోని చెంచా మొదలు నగరం వరకు సమస్తమూ శిల్పి బాధ్యతే అన్న నినాదం కూడా ఆయన పేరుతోనే లోకంలో వ్యాపించినది.

ఇది మాట ఇవ్వడం. ఇల్లు కోల్పోయినవానికి, ఇల్లు ఎన్నడూ లేనివానికి, మంచి ఇల్లూ మంచి వస్తువులూ ఇస్తామని ఒక తరం శిల్పులు బహిరంగంగా ఇచ్చిన మాట. ఆ మాట ఎంతవరకు నిలిచినదో విచారించకుండా ఇటలీ రూపకల్పనను పొగడడం, పెండ్లికొడుకును చూడకుండా పల్లకిని మెచ్చుకోవడం వంటిది. ఈనాడు జరుగుతున్నది చాలావరకు అదే.

పాఠశాలల చరిత్ర పుస్తకాలు ఇటలీని మైకెలాంజెలో వద్ద విడిచిపెట్టి, దారిలో గారిబాల్డీని ఒకసారి పలకరించి, మరల ముస్సోలినీ వద్ద అందుకుంటవి. ముస్సోలినీ పతనంతో ఇటలీ కథ కంచికి వెళ్లినట్లే. అందువలన యుద్ధానంతరం ఆ దేశం నుంచి వచ్చిన కుర్చీలూ దీపాలూ గాజుపాత్రలూ స్కూటర్లూ ప్రపంచాన్ని ఎందుకు ఆకట్టుకున్నవో విద్యార్థి అడిగితే, ఉపాధ్యాయుని వద్ద ఒక సులభమైన సమాధానం మాత్రమే ఉంటుంది: అది వారి రక్తంలో ఉన్నది, లియొనార్డో పుట్టిన దేశం కదా! నిజానికి ఈ సమాధానం కొత్తది కాదు. 1950లో అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ప్రారంభమై, మూడేండ్లపాటు ఆ దేశపు పన్నెండు మ్యూజియములు తిరిగిన ఇటాలియన్ వస్తుప్రదర్శన పేరులోనే 'పునరుజ్జీవనం' అనే మాటను చేర్చారు. సరుకు అమ్ముకునేవారికి అది మంచి మాటే. చరిత్ర చదివేవారికి అది చాలదు. లియొనార్డో రక్తం 1930లోనూ ఉన్నది, 1830లోనూ ఉన్నది. 1946లోనే అది ఎందుకు పొంగినదో ఆ సమాధానం చెప్పదు.

అసలు కారణాలు నేలమీద వెదకాలి. టస్కనీ ప్రాంతంలో పోంటెదేరా అనే ఊరిలో పియాజో సంస్థ విమానాలు తయారుచేసేది. యుద్ధంలో ఆ కర్మాగారం బాంబులకు నేలమట్టమైనది. ఓడిపోయిన దేశంలో యుద్ధవిమానాలు కొనేవారెవరు? వేలమంది పనివారు వీధిన పడ్డారు. రోడ్లు గుంతలు, రైళ్లు అరకొర, కారు కొనగల స్తోమత ఎవరికీ లేదు. యజమాని ఎన్రికో పియాజో చవుకగా ఒక ద్విచక్ర వాహనం తయారుచేయాలని తలచాడు. మొదట తయారైన నమూనా ఆయనకు నచ్చలేదు. అప్పుడు కొరాదీనో దాస్కానియో అనే ఇంజనీరును పిలిచాడు. ఆయన హెలికాప్టర్లు రూపొందించినవాడు; మోటారు సైకిలంటే గిట్టనివాడు. గిట్టకపోవడమే మేలు చేసినది. మోటారు సైకిలు మీద గొలుసు నూనె బట్టలకు అంటుతుంది. చక్రం పంక్చరైతే విప్పడం ప్రాణాంతకం. ఎక్కాలంటే కాలు ఎత్తి అవతలికి వేయాలి, అది స్త్రీలకు కష్టం. ఇన్ని చిరాకులనూ ఆయన వరుసగా తొలగించుకుంటూ పోయాడు. గొలుసు తీసివేసి ఇంజనును వెనుక చక్రం పక్కనే అమర్చి రేకుతో కప్పాడు. గేరును చేతి దగ్గరకు తెచ్చాడు. విమానం దిగేటప్పుడు చక్రాన్ని ఒకవైపు నుంచే పట్టి ఉంచే ఏర్పాటు వంటిది ముందు చక్రానికి పెట్టాడు. దానితో చక్రం విప్పడం సులువైనది. చట్రం అంటూ వేరే లేకుండా, విమానపు ఒడలివలె, రేకు శరీరమే బరువు మోసేట్లు చేశాడు. సన్నని నడుమూ లావైన వెనుకభాగమూ చూసి, జుంయిమనే చప్పుడు విని, పియాజో 'ఇది కందిరీగలా ఉన్నదే' అన్నాడట. ఇటాలియన్‌లో కందిరీగను 'వెస్పా' అంటారు. 1946 ఏప్రిల్ 23న దానికి పేటెంటు కోరారు. ఇంజను 98 సి.సి.

ఇందులో మైకెలాంజెలో ఎక్కడ? ఉన్నది కూలిన ఫ్యాక్టరీ, పని లేని పనివాడు, విమానశాస్త్రం తెలిసి విమానం కట్టే అవకాశం కోల్పోయిన ఇంజనీరు, బస్సు దొరకని గుమాస్తా. వెస్పా అందాన్ని ఎవరూ పైనుంచి అద్దలేదు. ఒక్కొక్క ఇబ్బంది తొలగగా మిగిలినదే ఆ అందం. ఇది చిత్రలేఖనం పాఠంలో కంటే సైన్సు పాఠంలో చెప్పదగిన సంగతి. రెండు పాఠాలూ ఒకే గంటలో చెప్పగల ఉపాధ్యాయుడు ఉంటే మరీ మంచిది.

1948లో అదే సంస్థ ఆ వాహనానికి మూడవ చక్రం తగిలించి, వెనుక సామాను పెట్టె అమర్చి, 'ఆపే' అని పేరు పెట్టినది. ఆపే అంటే తేనెటీగ. కందిరీగ షికారుకు వెళితే తేనెటీగ బరువు మోస్తుంది. పేరు పెట్టినవాని చమత్కారం గమనించదగినది. ఇండియాలో బజాజ్ సంస్థ పియాజోతో ఒప్పందం చేసుకొని 1960 దశకంలో ఆ రెండు రకాల వాహనాలనూ ఇక్కడే తయారుచేసినది. ఒప్పందం ముగిసిన తరువాత 1972లో వచ్చిన చేతక్ స్కూటరు వెస్పా ఒరవడిలోనిదే. వెస్పాకు పోటీగా 1947లో మిలాన్‌లో పుట్టిన లాంబ్రెట్టా యంత్రసామగ్రిని భారత ప్రభుత్వ సంస్థ కొనుగోలుచేసి లక్నోకు తెచ్చినది. విజయవాడలోనో వరంగల్లులోనో ఆటోలో బడికి వెళ్లే పిల్లవాడు, తాను టస్కనీ తేనెటీగ మునిమనుమరాలి వీపు మీద ప్రయాణిస్తున్నానని ఎరుగడు. ఎరగకపోయినా నష్టం లేదు. వస్తువు ఇంతగా కలిసిపోయిన తరువాత దాని పుట్టిల్లు మరుగునపడడమే దానికి దక్కిన గౌరవం.

స్కూటరు సంగతి అలా ఉండగా, మిలాన్‌కు ఉత్తరాన బ్రియాంజా అనే ప్రాంతం ఉన్నది. కాంతూ, మేదా మొదలైన ఊళ్లలో ఇంటింటా వడ్రంగం. ఆ ఊళ్ల చిన్న కార్ఖానాలకూ మిలాన్ వాస్తుశిల్పులకూ కుదిరిన పొత్తే ఇటలీ కుర్చీలకు ప్రాణం పోసినది. ఇంగ్లండు, అమెరికాలలో రూపకర్త కాగితం మీద గీసి పంపిస్తే ఫ్యాక్టరీ తయారుచేస్తుంది. ఇక్కడ గీసినవాడు రైలెక్కి గంటలోపల వడ్రంగి ముందు కూర్చుంటాడు. 'ఇది నిలవదు' అని వడ్రంగి అంటాడు. 'నిలిపి చూడు' అని ఇతడంటాడు. ఆ వాదంలోనుంచి కుర్చీ పుడుతుంది.

ఆ విధంగా పుట్టినదే జియో పోంటి గీసిన 'సూపర్లెజ్జేరా'. అనగా మిక్కిలి తేలికైనది. దానికి తాత ఒకడున్నాడు. జెనోవా సముద్రతీరాన కియావరి అనే ఊరిలో 1807లో డెస్కాల్జి అనే వడ్రంగి సన్నని కాళ్లతో ఒక తేలిక కుర్చీ చేశాడు. ఆ ఊరివారు నేటికీ దానిని చేస్తూనే ఉన్నారు. పోంటి ఆ పల్లె కుర్చీని తీసుకొని, దానిలోనుంచి ఇంకా ఏమి తీసివేయవచ్చునా అని ఏండ్ల తరబడి ఆలోచించాడు. మేదాలోని కాసినా వారి కార్ఖానాలో 1952 నాటికి ఒక రూపం తేలినది. అదీ చాలదనుకున్నాడు. 1957లో తుది రూపం వచ్చినది. కాళ్లు గుండ్రం కాదు, త్రికోణం. ఒక్కొక్క ముఖం 18 మిల్లీమీటర్లు. కలప ఆష్ అనే చెట్టుది. కూర్చునేచోట పేము అల్లిక. ఆ పేమును ఇటాలియన్ భాషలో 'ఇండియా బెత్తం' అనడం కద్దు. మొత్తం కుర్చీ బరువు 1.7 కిలోలు. చిన్న పిల్లవాడు ఒక వేలితో ఎత్తగలడు. ఆ ఛాయాచిత్రం తీసి ప్రకటనలలో వేశారు కూడా. నాలుగవ అంతస్తు మీదనుంచి పడవేస్తే బంతిలా ఎగిరినదే తప్ప విరగలేదని కార్ఖానావారు చెప్పుకునే కథ. కథలో కొంత ఉప్పూ కారమూ కలిసినా, కుర్చీ గట్టిదన్న మాట మాత్రం కాదనలేనిది.

పోంటి కొత్తదనం కోసం పాత కుర్చీని తిట్టలేదు. పాతదనం మీది భక్తితో దానిని పూజగదిలోనూ పెట్టలేదు. కుర్చీ అనే మాటకు ముందు విశేషణం అక్కరలేని కుర్చీ కావాలని ఆయన కోరిక. ఆయన ఇదే కాలంలో ఫోర్నసెత్తి అనే చిత్రకారునితో కలిసి బీరువాల నిండా అచ్చుబొమ్మలు అద్దించాడు. 1956లో మొదలుపెట్టి 1960 నాటికి మిలాన్‌లో 127 మీటర్ల పిరెల్లీ భవనం లేపాడు. ఒకే మనిషి విశేషణం లేని కుర్చీని, విశేషణాలు తప్ప మరేమీ లేని బీరువాను ఒకే చేతితో చేయడం చూసి సిద్ధాంతవాదులు తలపట్టుకున్నారు. వారు తలపట్టుకోవడమే న్యాయమనిపిస్తుంది.

బీరువాల మీది బొమ్మలు అవసరమా అని అడిగినట్లే, గాజు పూలపాత్రలు అవసరమా అని కూడా అడగవచ్చు. ఇండ్లు లేని దేశంలో పూలపాత్ర ఏమిటి? ఈ ప్రశ్న ఆనాటి ఇటలీలోనే కొందరు కోపంగా అడిగారు. వారి కోపం సబబైనదే గాని వారి తీర్పు తొందరపాటు. వెనిస్ పక్కన మురానో దీవి ఉన్నది. నగరంలో అగ్నిప్రమాదాలు జరుగుతవన్న భయంతో 1291లో గాజు కొలుములన్నింటినీ ఆ దీవికి తరలించారు. అప్పటినుంచి తండ్రి వద్ద కొడుకు, కొడుకు వద్ద మనుమడు నేర్చుకుంటూ ఏడు శతాబ్దాలు గడిచినవి. 1921లో పావొలో వెనీనీ అనే మిలాన్ న్యాయవాది అక్కడ కొలిమి పెట్టాడు. యుద్ధం తరువాత ఆయన వద్దకు ఫుల్వియో బియాంకోనీ అనే బొమ్మల చిత్రకారుడు వచ్చాడు. వీరిద్దరి పేరిట 1940 దశకం చివర వెలువడినదే 'చేతిరుమాలు' పాత్ర. గాజును ఊది, విప్పార్చి, ఎర్రగా కాగి ఉండగానే తలక్రిందులుగా వ్రేలాడదీస్తారు. అంచులు తమ బరువుకు తామే మడతలు పడుతూ జారుతవి. తగిన క్షణాన తిప్పి నిలబెడితే, గాలిలో విసిరిన రుమాలు క్రిందపడబోతూ ఆగిపోయినట్లు ఉంటుంది. ఆ క్షణం కాగితం మీద గీయడానికి వీలు లేదు. రెప్పపాటు ముందైతే మడత పడదు. రెప్పపాటు ఆలస్యమైతే పాత్ర చేతికి రాదు. ఆ రెప్పపాటు కొలిమి వద్ద నిలబడిన మేస్త్రీ చేతిలో ఉన్నది. కొత్త కోరిక కోరేవాడు రాకపోతే ఆ మేస్త్రీ పాత నమూనాలే చేసుకుంటూ, యాత్రికులకు అమ్ముకుంటూ, క్రమంగా విద్య మరచిపోయేవాడు. పూలపాత్ర ఎవరి అవసరమన్న ప్రశ్నకు సమాధానం: ముందుగా దానిని చేసినవాని అవసరం. అలంకరణ కళలను చిన్నచూపు చూసేవారు ఈ సంగతి తరచు విస్మరిస్తారు.

పైగా ఆ రోజులలో ప్రభుత్వమే అలంకరణను పేదవాని గుమ్మానికి తెచ్చిన ఉదాహరణ ఒకటున్నది. 1949లో ఇటలీ పార్లమెంటు శ్రామికులకు ఇండ్లు కట్టే చట్టం చేసినది. ఉద్యోగి జీతంలోనుంచి కొంత, యజమాని కొంత, ప్రభుత్వం కొంత వేసి నిధి ఏర్పరచారు. 1963 వరకు సాగిన ఆ పథకం క్రింద సుమారు 3,55,000 నివాసాలు వెలసినవి. పేరుమోసిన వాస్తుశిల్పులు ఆ పనిచేశారు. ప్రతి కట్టడం గోడమీద ఒక రంగుల పింగాణి పలక అతికించారు, కళాకారులు గీసినవి. ఎక్కడో ఒక పక్షి, ఒక కప్పు, ఒక సూర్యుడు. ఆ పలక లేకపోయినా ఇంట్లోకి వాన రాదు. కాని 'ఇది సర్కారు కొట్టం కాదు, ఇల్లు' అని అది చెప్పేది. మిలాన్ శివార్లలో పియెరో బొత్తోనీ నాయకత్వాన 1947లో మొదలైన క్యూ.టి.8 అనే నమూనా పేట ఇంకొక సాక్ష్యం. బాంబులకు కూలిన మేడల రాళ్లూ ఇటుకలూ తెచ్చి పోసి ఆ పేట ప్రక్కన ఒక కొండే కట్టారు. చెట్లు నాటారు. మోంతే స్తెల్లా, అనగా నక్షత్రపు కొండ, అని పేరు. ఈనాడు దానిమీద జనం పొద్దున్నే పరుగెత్తుతారు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవారి లెక్కలో ఆద్రియానో ఒలివెత్తిని విడిచిపెట్టడం అన్యాయం. ఇవ్రేయా అనే చిన్న ఊరిలో తండ్రి 1908లో స్థాపించిన టైపు మిషన్ల కర్మాగారం ఆయన చేతికి వచ్చినది. పనివారికి గ్రంథాలయం, పిల్లలకు శిశువిహారం, ఇండ్లు, వైద్యం ఏర్పరచాడు. నేపుల్స్ దగ్గర పొజ్జువోలిలో 1955లో తెరిచిన కర్మాగారాన్ని పనివాడు కిటికీలోనుంచి సముద్రం చూసేట్లు కట్టించాడు. మార్చెల్లో నిజోలి ఆయన కోసం రూపొందించిన 'లెత్తెరా 22' టైపు మిషను 1950లో వచ్చినది; విలేకరి సంచిలో పట్టుకుపోగలిగినది. ఆ యంత్రమూ ఆ కిటికీ ఒకే మనిషి తలపులోనుంచి వచ్చినవన్నది ముఖ్యం. 1960లో ఆయన రైలులో ప్రయాణిస్తూ హఠాత్తుగా మరణించాడు. తరువాత సంస్థ దారి మారినది. 2018లో ఇవ్రేయాను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. ఫ్యాక్టరీ వారసత్వ స్థలం కావడం ఆనందించదగినదో కాదో చెప్పడం కష్టం.

ఇక మాట తప్పిన చోటు.

1952లో ఇటలీ ప్రభుత్వం మతేరా పట్టణంలో కొండగుహలు ఖాళీ చేయించడానికి చట్టం చేసినది. సుమారు పదిహేను వేలమంది, పశువులతో సహా, ఆ గుహలలోనే కాపురముంటున్నారు. అంతకు ముందు సంవత్సరమే మిలాన్ త్రైవార్షిక ప్రదర్శనలో లూచియో ఫోంతానా మెట్లమీద గాలిలో నియాన్ దీపపు తీగ మెలికలు తిప్పి చూపరులను ముగ్ధులను చేశాడు. రెండూ ఒకే దేశం. దీనికి ఫోంతానాను తప్పుపట్టడం తగదు. కాని 'మానవుని ఇల్లు' అన్నప్పుడు ఏ మానవుడు అనే ప్రశ్న అక్కడే తలెత్తినది. దశకం గడిచేసరికి దేశానికి డబ్బు వచ్చినది. డబ్బుతో కొనేవారు వచ్చారు. కొనేవారి వెంట శిల్పులు కొందరు నడిచారు.

ఆకిల్లే, పియెర్ జాకొమో కాస్తిల్యోనీ సోదరులు 1957లో ట్రాక్టరు సీటును యథాతథంగా తెచ్చి, ఒక ఉక్కుబద్ద మీద బిగించి, కొయ్య అడ్డపట్టీతో నిలబెట్టి పీట చేశారు. 'మెజాద్రో' అని పేరు. పంటలో సగపాలు భూస్వామికి పోయగా మిగిలిన సగంతో బ్రతికే పాలిరైతుకు ఇటాలియన్‌లో ఆ పేరు. తెలివైన పీట, కాదనలేము. ఉన్న వస్తువును కొత్త కంటితో చూడడం అంటే ఏమిటో విద్యార్థికి చూపడానికి అంతకంటె మంచి వస్తువు లేదు. కాని 1964లో ఇటలీ పార్లమెంటు కొత్త సగపాలు ఒప్పందాలను నిషేధించినది. పీట మాత్రం 1970 దశకంలో అంగళ్లకు వచ్చి ఈనాటికీ అమ్ముడుపోతూనే ఉన్నది. ఆ ధర పెట్టి కొనగల పాలిరైతు ఏనాడూ లేడు.

1962లో అదే సోదరులు చేసిన 'ఆర్కో' దీపం కథ ఇంకా విచిత్రం. కప్పుకు చిల్లు పెట్టకుండా భోజనపు బల్ల మీద వెలుగు పడాలి, ఇదీ సమస్య. అద్దె ఇంటివాని సమస్య అది. వీధిదీపాన్ని చూసి ఉక్కు విల్లు ఒకటి వంచి, దాని కొసన దీపం పెట్టారు. విల్లు ఒరిగిపోకుండా అడుగున కర్రారా చలువరాతి దిమ్మ, సుమారు 65 కిలోలు. దిమ్మకు ఒక రంధ్రం ఉన్నది. అది సొగసుకు కాదు. చీపురుకర్ర దూర్చి ఇద్దరు మనుషులు ఎత్తడానికి. ఎంత సూక్ష్మమైన ఆలోచన! అయితే ఏమి? అద్దె ఇంటివాని కోసం ఆలోచించిన దీపం సొంత మేడవాని హోదా చిహ్నమైనది. సినిమాలలో ధనవంతుని గది చూపాలంటే దానిని నిలబెట్టడం ఆచారమైపోయినది. రంధ్రం అలాగే ఉన్నది. చీపురుకర్ర దూర్చేవారే లేరు.

ఈ దీపం కంటే గొప్ప వస్తువును అదే మిలాన్‌లో జీనో కొలంబీనీ అనే ఆయన ఎనిమిదేండ్ల ముందే చేశాడంటే కొందరికి కోపం రావచ్చు. ఆ వస్తువు బాల్చీ. కార్టెల్ సంస్థ కోసం 1954లో చేసిన ప్లాస్టిక్ బాల్చీ, మూతతో సహా. రినాషెంతే అనే దుకాణంవారు ఆ ఏడే నెలకొల్పిన 'బంగారు వృత్తలేఖిని' బహుమానం 1955లో దానికి దక్కినది. బాల్చీకి బంగారు బహుమానం! నవ్వవలసిన పని లేదు. అంతకుముందు రేకు బాల్చీ బరువు, తుప్పు, చప్పుడు. నీళ్లు మోసే ఆడవారి అరచేతులకే ఆ బాధ తెలుసు. ఆ 1954లోనే మిలాన్ పాలిటెక్నిక్‌లో ఆచార్య జూలియో నత్తా పాలీప్రొపిలీన్ తయారుచేశాడు. 1963లో అందుకు నోబెల్ బహుమతి పంచుకున్నాడు. కొత్త పదార్థం వచ్చినప్పుడు వ్యాపారులు దానితో పాత వస్తువులకు నకళ్లు చేస్తారు: ప్లాస్టిక్ కొయ్య, ప్లాస్టిక్ పువ్వు. కొలంబీనీ నకలు చేయలేదు. ఈ పదార్థానికి ఏ రూపం సహజమని అడిగాడు. ఆ ప్లాస్టిక్కే నేడు కాలువలనూ సముద్రాలనూ నింపి కీడు చేస్తున్న మాట నిజం. పది ఏండ్లు వాడే బాల్చీకీ పది నిమిషాలలో పారవేసే సంచికీ ఒకే శిక్ష వేయడం మాత్రం న్యాయం కాదు.

1964లో మార్కో జానూసో, రిచర్డ్ సాపర్ కలిసి అదే సంస్థకు పసిపిల్లల కుర్చీ చేశారు. ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. పిల్లలు దానిమీద కూర్చున్నారు, అంతకంటె ఎక్కువగా వాటిని పేర్చి కోటలు కట్టారు. బరువు తక్కువ గనుక కోట కూలినా తల పగలదు. బడిలో వస్తువు ఎలా ఉండాలో ఈ ఒక్క కుర్చీ చెప్పినంతగా విద్యాసంఘాల నివేదికలు చెప్పలేదు.

నాలుగేండ్ల తరువాత అసలు పరీక్ష వచ్చినది. 1968 మే 30న మిలాన్‌లో పదునాలుగవ త్రైవార్షిక ప్రదర్శన తలుపులు తెరిచారు. 'మహాసంఖ్య' అని దాని ఇతివృత్తం. అనగా అశేష జనానికి అవసరమైన వస్తువులూ నివాసాలూ. మాట గుర్తుచేసుకోవడానికి ఏర్పరచిన ప్రదర్శనే. అదే రోజు విద్యార్థులూ కళాకారులూ వచ్చి దానిని ఆక్రమించుకున్నారు. జనం పేరు చెప్పి ఎవరి కోసం ఈ వస్తువులు చేస్తున్నారని అడిగారు. నిర్వాహకుడైన జాన్‌కార్లో దె కార్లో వారితో నిలబడి వాదించాడు. ఆయనా యుద్ధకాలంలో ఫాసిస్టులపై పోరాడినవాడే. రెండు పక్షాలవారూ ఒకే మాట అంటూ ఒకరినొకరు నమ్మలేకపోవడం ఆనాటి విషాదం.

ఆ వాదానికి మాటలతో గాక కొయ్యతో సమాధానం చెప్పినవాడు ఎన్జో మారి. 1957లో ఆయన ఒక కొయ్యపలకను ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే పదహారు జంతువులుగా కోసి పిల్లల ఆటవస్తువు చేశాడు. ఏనుగు పొట్ట క్రింది వంపు వృథా పోదు, అక్కడ మరొక జంతువు వీపు ఉంటుంది. అందరూ మెచ్చారు. అందరూ కొనలేకపోయారు. ఆ సంగతి ఆయనను తొలిచివేసినది. 1974లో బల్లలు, కుర్చీలు, మంచాలు, అలమరలు, అన్నీ సాదా పలకలతో మేకులు కొట్టి చేసుకోదగినవి, బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. తపాలా ఖర్చు పంపినవారికి ఉచితం. ఫ్యాక్టరీలూ వ్యాపారులూ తప్ప ఎవరైనా చేసుకోవచ్చు. చేసుకున్నవారు ఛాయాచిత్రం పంపితే చాలునన్నాడు. ఆయన ఆశించినది చవుక బల్ల కాదు. తన చేతితో ఒక్క బల్ల చేసినవాడు, అంగడిలో బల్లను వేరే కంటితో చూస్తాడని ఆయన లెక్క. ఉత్తరాలు వేలకొలది వచ్చినవి. 'పల్లెటూరి తరహా బల్ల భలే బాగున్నది' అనే ధోరణిలో వ్రాసినవారే ఎక్కువమంది. ఉద్దేశం గ్రహించినవారు బహు కొద్దిమందని ఆయన జీవితాంతం నొచ్చుకున్నాడు.

2020 అక్టోబరులో మిలాన్‌లోని త్రైవార్షిక ప్రదర్శన భవనంలోనే ఆయన పనులన్నింటితో ప్రదర్శన తెరిచారు. రెండు రోజులకు, అక్టోబరు 19న, కోవిడ్ వ్యాధితో ఆయన కన్నుమూశాడు. మరునాడు ఆయన భార్య, కళావిమర్శకురాలు లేయా వెర్జీనే, మరణించినది. తన చిత్రపటాలూ నమూనాలూ సమస్తమూ ఆయన ముందుగానే మిలాన్ నగరానికి దానం చేసి ఉన్నాడు. ఆ ప్రదర్శన ముగిసిన తరువాత నలభై ఏండ్లపాటు వాటిని ఎవరికీ చూపరాదని షరతు పెట్టాడు.